శీనుకి, కళ్లు మూయగానే కనపడేవాటి గురించి

ఒరేయ్ శీనూ,

మొన్న రాత్రి ఫోన్లో నువ్వు గొంతు తగ్గించి మాట్లాడుతుంటేనే అర్థమైంది, పక్కగదిలో ఉన్న చెల్లాయి వినకూడదనుకుంటున్నావని. ఇంతలో నన్ను డ్యూటీలోకి పిలిచారు, మాట సగంలో ఆగిపోయింది. అయినా ఇవన్నీ ఫోన్లో చెప్తే నీకు నిలవవు. రాత్రి ఒంటిగంటకి మళ్లీ "ఇందాక ఏమన్నావురా?" అని మెసేజ్ పెడతావు. అందుకే కూర్చుని రాస్తున్నా. తీరిగ్గా చదువుకో, చదివాక చెల్లాయికీ ఇవ్వు. ఒక్కడివే మోస్తున్నావు గనకే ఇంత బరువుగా ఉంది నీకు.

నువ్వు చెప్పింది నేను సరిగ్గా విన్నానో లేదో ముందు చూసుకో. దిండు మీద తల పెట్టి కాసేపయ్యాక, మూసిన కళ్ల ముందు చీకటి ఉత్త చీకటిగా ఉండకుండా సన్నటి చుక్కలు కదులుతున్నాయి. అవి గళ్లుగా, చుట్టలుగా మారుతున్నాయి. ఆ తర్వాత ముఖాలు. జన్మలో చూడని మనుషులు, ఒకరి వెనక ఒకరు. ఒక ముసలాయన పైవరస పళ్ల సందు కూడా కనిపించిందన్నావు. ఒక రాత్రి "శీనూ" అని అమ్మ గొంతు వినపడింది, అమ్మేమో ఊళ్లో ఉంది. అన్నిటికన్నా ఎక్కువగా జవాబు పత్రాలు. ఎర్ర ఇంకు టిక్కులు, వాటంతటవే తిరుగుతున్న పేజీలు. ఉలిక్కిపడి లేవడం, గుండె దడ, ఫోన్ తీసి వెతకడం, చివరికి "బ్రెయిన్ ట్యూమర్" అన్న మాట దగ్గర ఆగి తెల్లారేదాకా అలా కూర్చోవడం. ఇంతే కదా?

ఇది జబ్బు లక్షణంలా లేదురా. ధైర్యం చెప్పడానికి అంటున్న మాట కాదిది. ఎందుకంటున్నానో వివరంగా చెప్తాను, విను.

నేను డాక్టర్ని కాను. కానీ మనుషులు మెలకువలోంచి నిద్రలోకి ఎలా జారతారో తెరమీద చూడటమే ఇన్నేళ్లుగా నా ఉద్యోగం. మా స్లీప్ ల్యాబ్‌కి వచ్చినవాళ్లకి టేపుతో తల కొలిచి, పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, జిగురు పేస్టు రాసి వైర్లు అంటిస్తాం. కళ్ల పక్కన రెండు, గడ్డం కింద, కాళ్ల మీద. లైటు తీసేసి పక్కగదిలోకి వచ్చి కూర్చుంటే, తెరమీద ముప్పై సెకన్లకో పేజీ చొప్పున గీతలు నడుస్తుంటాయి. కళ్లు మూసుకుని మెలకువగా ఉన్నవాళ్లకి తల వెనకభాగం నుంచి సెకనుకి 8 నుంచి 13 సార్లు ఊగే ఆల్ఫా అలలు వస్తాయి. చూస్తుండగానే అవి చెదిరిపోయి, వాటి చోట సెకనుకి 4 నుంచి 7 సార్లు ఊగే నెమ్మది అలలు వస్తాయి. అదే సమయానికి కళ్ల గీతలు రెండూ ఒకటి పైకి, ఒకటి కిందికి బద్ధకంగా లేచి పడుతుంటాయి. రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ దొర్లుతున్నాయన్నమాట. ఇంకా సరిగ్గా నిద్ర కాదు, మెలకువా కాదు, మగత. మా లెక్కలో దాని పేరు ఎన్-1. ఆరోగ్యంగా ఉన్న మనిషి రాత్రి నిద్రలో ఇది నూటికి ఐదు వంతులు ఉంటుంది, అంతే.

పగటిపూట చేసే పరీక్ష ఇంకోటి ఉంది. రెండేసి గంటలకోసారి పడుకోబెట్టి ఐదు కునుకులు తీయిస్తాం. ప్రతి కునుకు తర్వాతా "నిద్ర పట్టిందా? ఏమైనా కల వచ్చిందా?" అని అడగాలి. ఆ మగతలోంచి లేచినవాళ్లు చాలామంది "నిద్రెక్కడిదండీ, మెలకువగానే ఉన్నాను" అంటారు. ఒక నిమిషం ఆగి మళ్లీ అడిగితే అప్పుడు చెప్తారు. పెరట్లో పందిరి మీద దొండకాయలు కోస్తున్నానంది ఒకావిడ. ఎదురుగా లారీ లైట్లు వచ్చి మీద పడ్డాయన్నాడు ఒక డ్రైవర్. ఒక కుర్రాడు సిగ్గుపడుతూ, గోడమీంచి ఎవరెవరో తొంగిచూశారన్నాడు. వాళ్లు గురక కోసమో, పగటి నిద్ర కోసమో వచ్చినవాళ్లు. వీటి గురించి ఎవరూ భయపడి రాలేదు, ఎవరూ అడగనూ లేదు గనక చెప్పుకోలేదు. నువ్వు మాత్రం లోకంలో నీకొక్కడికే ఇలా అవుతోందనుకుని అల్లాడిపోతున్నావు.

1996లో బ్రిటన్‌లో దాదాపు ఐదువేల మందిని ఫోన్లో అడిగి ఒక లెక్క తీశారు. నిద్రలోకి జారేటప్పుడు ఇలాంటివి కనపడటమో, వినపడటమో, ఎవరో తాకినట్టు అనిపించడమో ఉందని నూటికి 37 మంది చెప్పారు. నిద్ర లేచేటప్పుడు ఉందన్నవాళ్లు నూటికి 12, 13 మంది. నీ స్టాఫ్‌రూమ్‌లో కూర్చునేవాళ్లలో ఎంతమందికి ఉండి ఉంటుందో నువ్వే అంచనా వేసుకో. అంతకు చాలా ముందే, 1848లో, ఆల్‌ఫ్రెడ్ మోరీ అనే ఫ్రెంచి పండితుడు తనకు కనిపించినవి తనే గమనించి రాసుకుని, వీటికి ‘హిప్నగాగిక్’ అన్న పేరు పెట్టాడు. ఇప్పటికీ డాక్టర్లు వాడేది అదే. ఇంతకాలంగా పేరున్న మామూలు అనుభవం ఇది.

మరి ఎందుకు కనపడతాయీ అంటావు. మెదడంతా ఒకేసారి నిద్రపోదురా. మధ్యలో థాలమస్ అని ఉంటుంది. కళ్లు, చెవులు, చర్మం పంపే కబుర్లన్నీ దానిమీదుగానే పై పొరలకి వెళ్లాలి. మూర్ఛవ్యాధి చికిత్స కోసం మెదడు లోపల ఎలక్ట్రోడ్లు పెట్టినవాళ్లని ఫ్రాన్స్‌లో పరిశోధకులు పరిశీలించి 2010లో ఒక సంగతి బయటపెట్టారు. ఆ థాలమస్ ముందు సద్దుమణుగుతుంది, పై పొరలు చాలా నిమిషాలు వెనకబడి ఆ దారి పడతాయి. రాత్రిపూట మార్కెట్ పెద్ద గేటు వేసేశాక కూడా లోపల షాపులవాళ్లు లైట్లు వేసుకుని సరుకు సర్దుకుంటుంటారు చూడు, అలాగ. బయటినుంచి కొత్తగా ఏదీ రావడం లేదు, లోపల ఉన్నదాంతోనే చూపు భాగం పనిచేసుకుపోతోంది. నీ గళ్లూ, నీ ముఖాలూ అందులోంచి వచ్చినవే. వినికిడి భాగం ఇంకా మేలుకుని ఉంటే పేరు పెట్టి పిలిచినట్టు వినపడుతుంది. అందులోనూ అమ్మ గొంతు. పుట్టిన దగ్గర్నుంచి వింటున్న గొంతు కంటే ముందు ఇంకేం వస్తుంది?

ఇక ఆ జవాబు పత్రాలు. ఇది విన్నాక నీకు కొంచెం తేలిగ్గా ఉంటుంది. హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అనే ఆయన ఒకసారి కుటుంబంతో కొండెక్కి వచ్చి పడుకుంటే, కళ్లు మూయగానే మళ్లీ ఆ రాళ్లు పట్టుకుని ఎక్కుతున్నట్టే అనిపించిందట. దాన్ని వదలకుండా పట్టుకుని, కొంతమంది చేత రోజూ గంటల తరబడి టెట్రిస్ ఆడించాడు. మనం ఇంటర్‌లో ఉండగా మీ బావ తెచ్చిన చేతి వీడియోగేమ్‌లో పైనుంచి ముక్కలు పడేవే, అదే ఆట. నిద్ర పట్టబోతున్న సమయంలో అడిగితే సగానికి పైగా మందికి ఆ ముక్కలు పడుతూ కనిపించాయి. ఇందులో నన్ను కదిలించింది వేరే ఉంది. వాళ్లలో ఐదుగురికి మెదడు దెబ్బతిని కొత్త జ్ఞాపకాలు నిలవవు. ఆట ఆడిన సంగతే వాళ్లకి గుర్తులేదు. అయినా వాళ్లలో ముగ్గురికి ముక్కలు కనిపించాయి! 2000 సంవత్సరంలో ఈ వివరాలన్నీ అచ్చయ్యాయి. పగలంతా ఏది ఎక్కువ చూశామో దాన్ని మెదడు పడుకునే ముందు మళ్లీ తిరగేసుకుంటుంది, మన అనుమతి అడగదు.

నువ్వు స్పాట్ వాల్యుయేషన్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా ట్యూబులైటు కింద కూర్చుని, కట్ట మీద కట్ట విప్పి, ఎర్ర పెన్నుతో దిద్దుతున్నావు. రాత్రి ఎర్ర టిక్కులు రాకపోతే ఏమొస్తాయిరా? మిరపకాయలు కోసి వచ్చిన మా పెద్దమ్మ కళ్లు మూస్తే ఎరుపే కనపడుతోందనేది. అలిసిపోయానని చెప్పుకోవడానికి ఆవిడకి ఆ మాట చాలేది, దాని మీద భయమేమీ ఉండేది కాదు.

ఇంకోటి నీకు నేను చెప్పక్కర్లేదు, నువ్వే ఏటా పిల్లలకి చెప్తావు. బెంజీన్ పాఠం మొదలెట్టే ముందు, దాని ఆకారం కనిపెట్టిన జర్మన్ కెమిస్టు కెకూలే కథ. చలిమంట ముందు కునికిపాట్లు పడుతుంటే పరమాణువులు పాముల్లా మెలికలు తిరుగుతూ కనిపించాయనీ, ఒక పాము తన తోక తనే కరుచుకుందనీ, దాంతో బెంజీన్ అణువుది వలయం ఆకారమని తట్టిందనీ. 1890లో బెర్లిన్‌లో జరిగిన సన్మానంలో ఆయన స్వయంగా చెప్పిన సంగతి అది. పూర్తిగా అలాగే జరిగిందా అని చరిత్రకారులు వాదించుకుంటారనుకో, ఆ వాదన అటుంచు. ఆయన గాఢనిద్రలో లేడు, మగతలో ఉన్నాడు. నువ్వు ఇన్నేళ్లుగా పిల్లలకి అంత మురిపెంగా చెప్తున్న సంగతీ, నిన్ను రాత్రిళ్లు వణికిస్తున్న సంగతీ ఒకే చోటునుంచి వస్తున్నాయి.

ఇప్పుడు అసలు మాటకి వస్తాను. కోప్పడకుండా విను. నీ భయానికి ఆ బొమ్మలు కారణం కాదనిపిస్తోంది నాకు. నాన్నగారు కారణం.

ఆఖరి రోజుల్లో ఆస్పత్రిలో ఆయన గోడమీద చీమలు పాకుతున్నాయంటూ దుప్పటి మీద చేత్తో ఏరుతూ ఉండేవారు. రాత్రి నువ్వు మంచం పక్కన కూర్చుని "లేవు నాన్నా, ఏమీ లేవు" అంటూ ఆయన చెయ్యి పట్టుకోవడం నేను చూశాను. నీకు ఇప్పుడు దాదాపు ఆ వయసు వచ్చింది. కళ్ల ముందు లేనిది కనిపించగానే నీ మనసు సరాసరి ఆ వార్డులోకి వెళ్లిపోతోంది. అది సహజమేరా, నీ చోట ఎవరున్నా అంతే. కానీ ఆ రెండూ వేరు. నాన్నగారికి సోడియం పడిపోయి, ఇన్‌ఫెక్షన్ ఒంట్లోకి పాకి తెలివి తప్పుతూ వస్తూ ఉండేది. ఆయనకి కళ్లు తెరిచి ఉండగా, వెలుతురులో, పగలూ రాత్రీ తేడా లేకుండా కనపడేవి. అవి నిజంగా ఉన్నాయని నమ్మేవారు. నీకు కళ్లు మూస్తేనే, నిద్రొచ్చే వేళే కనపడుతున్నాయి, కళ్లు తెరవగానే పోతున్నాయి. ఇది నిజం కాదని ఆ క్షణంలోనే నీకు తెలుస్తోంది. డాక్టర్లు మొదట అడిగేది కూడా ఈ తేడాల గురించే.

భయం ఏం చేస్తుందో కూడా చెప్తాను, ఎందుకంటే నువ్వు "రోజురోజుకీ ఎక్కువవుతున్నాయిరా" అన్నావు. ఎక్కువవుతాయి మరి. ముఖం కనపడగానే ఉలిక్కిపడతావు, గుండె కొట్టుకుంటుంది, మగత చెదిరి మెలకువలోకి వస్తావు. మళ్లీ కళ్లు మూస్తావు, మళ్లీ ఆ మగతలోంచే వెళ్లాలి. మామూలుగా ఒక్కసారి దాటి వెళ్లిపోయే చోటుని ఒకే రాత్రిలో మళ్లీ మళ్లీ దాటుతున్నావు. పైగా ఈసారి వస్తాయా రావా అని కాపు కాస్తున్నావు. మా ల్యాబ్‌లో కూడా అంతే, ఎలాగైనా నిద్రపోవాలని పంతం పట్టినవాళ్లే తెల్లవార్లూ మగత అంచుల్లో తచ్చాడుతుంటారు. నిద్ర చాలక మర్నాడు ఇంకా అలిసిపోయి ఉంటావు, రాత్రికి ఇంకా జోరుగా వస్తాయి. ట్యూమర్ ఏమీ లేకపోయినా ఈ వలయం ఒక్కటే చాలు మనిషిని కుంగదీయడానికి.

నీ దగ్గర ఏదీ దాచను. దేనికి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలో అదీ చెప్తాను. అన్నిటికన్నా ముందు నీ కళ్లద్దాలు. నీది మైనస్ ఏడు పవరు. అంత మైనస్ ఉన్నవాళ్లకి రెటీనా పల్చబడి ఊడే ప్రమాదం మిగతావాళ్లకంటే ఎక్కువ. ఒక కంట్లో అంచున మెరుపులు మెరిసినా, ఉన్నట్టుండి నల్ల మచ్చలు గుంపుగా తేలినా, చూపులో ఒక పక్కనుంచి తెర దిగినట్టున్నా ఆ రోజే కంటి ఆస్పత్రికి వెళ్లాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు. నువ్వు చెప్పినవాటిలో అలాంటిది లేదు. అయినా కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించి ఏడాదికోసారి రెటీనా చూపించుకోమని నీకు నేను ఎప్పట్నుంచో చెప్తున్నాను, ఈ వంకనైనా వెళ్లు.

పట్టపగలు మెలకువగా ఉండగా కనపడితే, ఎప్పుడూ ఒకే బొమ్మ ఒకే పక్కన వచ్చి ఆ కాసేపు ఒళ్లు తెలియకపోతే అది మూర్ఛ కావచ్చు, న్యూరాలజిస్టు చూడాలి. పగలు ఆపుకోలేని నిద్ర వచ్చి, గట్టిగా నవ్వినప్పుడు మోకాళ్లు జావగారిపోతే నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బుని అనుమానించాలి. మెరిసే వంకర గీతలు పావుగంటో అరగంటో చూపులో పాకి తర్వాత తలనొప్పి వస్తే అది మైగ్రేన్ తరహా. తెల్లవారుజామున తలనొప్పితో మెలకువ రావడం, వాంతులు, ఒక చెయ్యి పట్టు తప్పడం, మాట తడబడటం ఇవేవీ లేవని నువ్వే అన్నావు. మాట తడబడటం, చెయ్యి పడిపోవడం ఉన్నట్టుండి వస్తే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా 108కి చెయ్యాలి. నువ్వు గురకపెడుతూ మధ్యలో ఊపిరి ఆపేస్తున్నావేమో చెల్లాయిని అడుగు. ఆవిడకి తెలుస్తుంది, నీకు తెలియదు.

బీపీ మాత్ర మార్చారన్నావు కదా. ప్రొప్రనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు కొందరికి కలల్ని మరీ స్పష్టంగా తెస్తాయి. నీది ఏ మాత్రో నాకు తెలీదు. ఇది చదివేసి నువ్వు మానేస్తే మాత్రం ఊరుకోను. రాసిన డాక్టర్నే అడగాలి.

ఎమ్మారై తీయించుకోనా అని అడిగావు. న్యూరాలజిస్టు దగ్గరికి ఒక్కసారి వెళ్లి, సుత్తితో మోకాలు కొట్టడం దగ్గర్నుంచి అన్నీ పరీక్ష చేయించుకో. ఆయన కావాలంటే తీయించు, అక్కర్లేదంటే అక్కడితో ఆపెయ్యి. నీ అంతట నువ్వు స్కాన్ సెంటర్‌కి వెళ్లకు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల స్కాన్‌లో కూడా దేనికీ సంబంధం లేని చిన్నచిన్న మచ్చలు కనపడుతుంటాయి. ఆ రిపోర్టులో ఒక ఇంగ్లీషు ముక్క పట్టుకుని నువ్వు ఇంకో ఆర్నెల్లు నిద్రపోవు, నీ సంగతి నాకు తెలుసు. ఒక డాక్టర్ బాగుందన్నాక ఇంకో డాక్టర్, ఆయన తర్వాత ఇంకొకాయన, ఆ దారిలో మాత్రం వెళ్లొద్దురా. మొదటి రోజు వచ్చిన ఊరట మూడో రోజుకి ఉండదు.

పడుకునేటప్పుడు బొమ్మలు వస్తే రానివ్వు. తరమకు, వెంటపడకు, వస్తున్నాయా అని ఎదురుచూడకు. పక్కకి తిరిగి పడుకో. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర పట్టలేదనిపిస్తే (గడియారం చూడొద్దు, ఉజ్జాయింపుగా చాలు) లేచి ముందుగదిలో సన్నటి లైటు కింద ఏదైనా చదువుకో, రెప్పలు బరువెక్కాకే మంచం మీదికి రా. ఫోన్ హాల్లో ఛార్జింగ్ పెట్టి తలుపేసుకో. వాల్యుయేషన్ క్యాంపులో మధ్యాహ్నం తర్వాత కూడా టీల మీద టీలు తాగుతారు మీరంతా. ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి తగ్గడానికే ఐదారు గంటలు పడుతుంది. సాయంత్రం టీ మానేసి మజ్జిగ తాగు.

ఇవన్నీ చేసినా జబ్బు భయం వదలకపోతే దానికే చికిత్స ఉంది. ఆరోగ్యం గురించిన ఆందోళనకి మాటలతో చేసే థెరపీ బాగా పనిచేస్తుంది. రాత్రిపూట మరీ తట్టుకోలేకపోతే 14416కి చెయ్యి. టెలి మానస్ అని 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. డబ్బులక్కర్లేదు, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. నాకు చేసినా సరే, నేను నైట్ డ్యూటీలోనే ఉంటాను.

అమ్మకి ఎలాగూ తెలిసిపోతుంది. తెలిస్తే గాలి సోకిందంటుంది, ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తుంది. తీయించుకో. ఆవిడ చెయ్యి నీ తల చుట్టూ మూడుసార్లు తిరిగితే నీకు పోయేదేమీ లేదు, ఆవిడకీ నిశ్చింత. కాకపోతే ఆ కాసేపు నాన్నగారి గురించి ఇద్దరూ మాట్లాడుకోండి. ఆయన పోయాక మీ ఇంట్లో ఎవరూ ఆ ఆస్పత్రి రోజుల ఊసెత్తలేదని చెల్లాయి ఒకసారి నాతో అంది.

రేపు పొద్దున్నే ఆ బీపీ మాత్ర స్ట్రిప్ ఫొటో తీసి పంపు, పేరూ పవరూ కనపడేటట్టు. న్యూరాలజిస్టుకి చూపించడానికి ఏం జరుగుతోందో, ఏ వేళ, కళ్లు తెరిస్తే పోతోందా లేదా అన్నది ఒక్క అరపేజీలో రాసుకో, మించొద్దు. మీ క్యాంపు ఎప్పుడు అయిపోతుందో చెప్తే దాన్నిబట్టి సెలవు పెట్టి కాకినాడ వస్తాను. కంటి డాక్టర్ దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్దాం, చుక్కలు వేశాక నువ్వు బండి నడపలేవు.

నీ
రవి